తక్కెడ కన్నా ముందు చేరాలి

జియా సరాయ్ పేరు చెబితే ఢిల్లీలో చదువుకున్న తెలుగువాళ్లకి గుర్తొచ్చేది ఫిజిక్స్ కోచింగ్. ఐఐటీ ప్రహరీ పక్కన, అవుటర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లో ఇరుక్కున్న ఊరు. కిటికీ తీస్తే ఎదురింటి కిటికీ, కింద జిరాక్సు షాపులు, స్పైరల్ బైండింగు మిషన్లు, డబ్బా భోజనాలవాళ్లు. నెట్‌కీ గేట్‌కీ చదివే పిల్లలు ఏటా వస్తారు, ఏటా పోతారు. వచ్చేటప్పుడు పుస్తకాలు కొంటారు, పోయేటప్పుడు మోసుకుపోలేరు. నా వ్యాపారానికి మొదటి పెట్టుబడి వాళ్లు వదిలేసి వెళ్లినవే.

నేనూ ప్రకాశం జిల్లా నుంచి నెట్ రాయడానికే వచ్చాను. నెట్ రాలేదు, పాత పుస్తకాలు పట్టుకున్నాయి. మూడో అంతస్తులో ఒక గది, దాని ముందున్న రేకుల వసారా నా గోడౌను. బోర్డు లేదు. కావలసినవాళ్లకి నా ఫోన్ నంబరు తెలుసు.

అమెరికాలో ఉన్న మా బావ శనివారం పొద్దున్నే గరాజ్ సేళ్లకి తిరుగుతాడు. ఇంటి యజమాని పోయాక తలుపులు బార్లా తీసి, ప్రతి వస్తువుకీ ధర చీటీ అంటించి అమ్మే ఎస్టేట్ సేళ్లకీ వెళ్తాడు. అక్కడి కబుర్లు చెప్పి, "మీకు ఇలాంటివి ఉండవా?" అని అడుగుతాడు. ఉండవు బావా. మన దగ్గర పెద్దాయన పోతే, లేదా రిటైరై క్వార్టరు ఖాళీ చేస్తే, వచ్చేది మూడు చక్రాల బండి మీద కబాడీవాలా. వాడి చేతిలో తక్కెడ ఉంటుంది. న్యూస్‌పేపరుకి ఒక రేటు, పుస్తకాలకి అంతకంటే కాస్త తక్కువ, ఎందుకంటే అట్ట బరువు, జిగురు ఎవరికీ పనికిరావు. ఆ తక్కెడ కన్నా ముందు గుమ్మంలో ఉండటం నా వృత్తి. కుదరకపోతే సాయంత్రానికైనా వాడి గోడౌనుకి చేరాలి. రాత్రికి లారీ ఎక్కిందా, ఇక అది కాగితం మిల్లు సరుకే.

మునిర్కా, కట్వారియా సరాయ్, బేర్ సరాయ్ చుట్టుపక్కల కబాడీవాళ్లందరికీ నేను తెలుసు. "భయ్యా, మద్రాసీ మాల్ ఆయా హై" అని ఫోన్ చేస్తారు. వింధ్య దాటిన ప్రతి లిపీ వాళ్లకి మద్రాసీయే. వెళ్లి చూస్తే ఒకసారి మలయాళం, ఇంకోసారి కన్నడం. ఇప్పుడు వాళ్లూ తెలివిమీరారు. ఇంగ్లీషు పుస్తకమైతే వెనక నంబరు ఫోన్‌లో కొట్టి, ఆన్‌లైన్‌లో ఎక్కడో ఎవడో ఆశకొద్దీ పెట్టిన ధర నాకు చూపిస్తారు. పాత తెలుగు పుస్తకానికి ఆ నంబరు లేదు, లిపి చదవడం రాదు. అందుకని అది చౌకగానే దొరుకుతుంది. అందుకనే తొందరగా మిల్లుకీ పోతుంది.

జియా సరాయ్‌లో అందరికీ కావలసిన అరుదైన సరుకు ఒకటుంది. మాస్కో మీర్ ప్రచురణలు. ఇరోదోవ్ రాసిన జనరల్ ఫిజిక్స్ లెక్కల పుస్తకం ఇంగ్లీషులో 1981లో అక్కణ్ణుంచి వచ్చింది. మనవాళ్లు తర్వాత వేసిన కాపీలు ప్రతి షాపులోనూ ఉంటాయి. కానీ గట్టి అట్ట, దారపు కుట్టు ఉన్న అసలు మాస్కో ప్రతి కోసం, సెట్టు పూర్తి చేసుకోవాలని తిరిగే మనుషులున్నారు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు ఈ గల్లీల్లోనే అద్దెకున్నవాళ్లు, ఇప్పుడు ప్రొఫెసర్లు. మామూలుగా పుస్తకంలో పెన్సిలు రాతలుంటే విలువ తగ్గుతుంది. ఇరోదోవ్‌కి ఆ లెక్క పనిచేయదు. అంచుల్లో ఎవరో తెలివైన కుర్రాడు సాధించిన పద్ధతులుంటే దానికే బేరం ఎక్కువ. 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఆ చౌక పుస్తకాల రాక ఆగిపోయింది. అదే కోవలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. ఉప్పల లక్ష్మణరావు, రారా లాంటివాళ్లు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన రష్యన్ నవలలు, పిల్లల కథలు. వాటిలో పిల్లల బొమ్మల పుస్తకాలు చిరగకుండా దొరకడం కష్టం. పిల్లలు చదివారంటే చింపారనే అర్థం.

అసలు సరుకు మాత్రం ఇళ్లల్లో ఉంటుంది. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసిన తెలుగువాళ్లు మూడు తరాల వాళ్లున్నారు. ఆర్.కె.పురం, సరోజినీ నగర్, నేతాజీ నగర్ క్వార్టర్లలో బతికి, రిటైరయ్యాక ద్వారకకో, నోయిడాకో, తిరిగి సొంతూరికో పోయారు. 2016 జులైలో కేంద్ర మంత్రివర్గం సరోజినీ నగర్, నౌరోజీ నగర్‌లతో కలిపి ఏడు కాలనీలు పడగొట్టి కొత్తగా కట్టాలని తీర్మానించింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఆ వీధుల్లో నాకు పంటే. ఒక్కో క్వార్టరు ముందు మంచాలు, కూలర్లు, వాటి మీద పుస్తకాల కట్టలు.

ఇంట్లోకి వెళ్తే నేను ముందు అద్దాల బీరువా చూడను. అక్కడ ఉండేవి చుట్టాలకి చూపించే పుస్తకాలు. బ్రిటానికా సెట్టు, రీడర్స్ డైజెస్ట్ బైండ్లు, బహుమతిగా వచ్చిన భగవద్గీతలు. బ్రిటానికా సెట్టున్న ప్రతి ఇంట్లోనూ దానికి లక్ష వస్తుందనే నమ్మకం ఉంటుంది. వాళ్లు అచ్చువేయడమే 2012లో మానేశారని, ఊరికే ఇస్తానన్నా మోసుకుపోయేవాడు లేడని చెబితే, నన్ను దొంగని చూసినట్టు చూస్తారు. అటక మీద పెట్టెలు, మంచం కింద ట్రంకు, దేవుడి గది మూల, బాల్కనీలో ఖాళీ సిలిండరు వెనక అట్టపెట్టె, నేను వెతికేది వీటిల్లో. ఇంటివాళ్లు "అవి చెత్తండీ" అన్నవే మొదట దింపిస్తాను.

ఆ చెత్తలో ఏముంటుందో ఒకటి చెబుతాను. 1961 జనాభా లెక్కలప్పుడు అంకెలతో పాటు ఊళ్ల సర్వేలు కూడా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని గ్రామాలని ఎంచుకుని ఒక్కో ఊరి మీద ఒక్కో పుస్తకం వేశారు. ఇళ్లెలా కడతారు, ఏం తింటారు, అప్పులెక్కడ తెస్తారు, పెళ్లికి ఎంతవుతుంది. జిల్లాలవారీగా జాతరలు, పండగల మీద వేరే సంపుటాలున్నాయి. ఏ ఊళ్లో ఏ అమ్మవారికి ఏ నెలలో తిరునాళ్లు, ఎంతమంది వస్తారు, పూజారి ఎవరు అన్నీ అందులో ఉంటాయి. బయటి అట్ట మీద మాత్రం సెన్సస్ ఆఫ్ ఇండియా అని నీరసమైన అక్షరాలు. ఆఫీసులో పంచితే ఇంటికి తెచ్చుకున్న ఉద్యోగి పోతాడు, పిల్లలు అట్ట చూసి పక్కన పడేస్తారు. పరిశోధకులు వాటి కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతారు. నా చేతిలో గురజాడ మొదటి కూర్పు పెట్టినా ఇంత ఆనందపడనేమో. (అబద్ధం. 1897 నాటి కన్యాశుల్కం మొదటి కూర్పు దొరికితే నేను ఆ రోజు అన్నం మానేస్తాను. ఇంతవరకు చేతికి రాలేదు. అమ్మకానికి దొరికేవన్నీ 1909 రెండో కూర్పు తర్వాతివే.)

ఇంకో రకం సరుకు మన తెలుగిళ్ల ప్రత్యేకత. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లని వారం వారం చింపి, అయిపోయాక కుట్టించుకున్న బైండ్లు. రెక్సిన్ వీపు, దాని మీద ఇంటావిడ పేరు పొడి అక్షరాలతో. కొనేవాళ్లకి మొదట్లో ఇవి ఆనవు. కానీ సీరియల్‌గా వచ్చిన పాఠం పుస్తకంగా వచ్చేసరికి మారిపోతుంది. అధ్యాయాలు తగ్గుతాయి, ముగింపులు మారతాయి. పుస్తకంలో వేయని బాపు బొమ్మలు ఆ చింపిన కాగితాల్లోనే బతికున్నాయి. పేజీ వెనక సగం తెగిన వంటల శీర్షికో, తలనూనె ప్రకటనో ఉంటుంది. అదీ కావాలి. నేను ఇలాంటి బైండు ఎప్పుడూ విప్పి ఎండబెట్టను, కొత్త అట్ట వేయించను. చందమామ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1947 జులై మొదటి సంచిక ఉందా అని అడగని తెలుగువాడు ఇంతవరకు నాకు తగల్లేదు.

ఇక తేదీ సంగతి. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ముద్రణ సంవత్సరం ఉండదు, లేదా "క్రోధి" అనో "సౌమ్య" అనో ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి క్రోధి అంటే 1904 కావచ్చు, 1964 కావచ్చు. మొన్న 2024 కూడా క్రోధే. అప్పుడు నేను వెల చూస్తాను. రూపాయలు, అణాలు, పైలు మూడు గళ్లుగా 0-8-0 అని ఉంటే 1957 ఏప్రిల్ 1 కి ముందుది. "న.పై." అని ఉంటే ఆ తేదీకి, 1964 జూన్‌కి నడుమది, ఎందుకంటే ఆ జూన్‌లో నయా పైసలోని నయా తీసేశారు. ఉత్త పైసలైతే ఆ తర్వాతది. ప్రచురణకర్త చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయింది, వాదన లేదు. చెన్నపురి అని ఉందా మద్రాసు అని ఉందా, అరసున్నలు బండి రలు ఎంత పట్టుదలగా వేశారు, ప్రెస్సు పేరు వావిళ్లవారిదా ఇంకొకరిదా, ఇవన్నీ తర్వాతి సాక్ష్యాలు. వెల రబ్బరు స్టాంపుతో దిద్ది ఉంటే మాత్రం జాగ్రత్త. పాత స్టాకుని కొత్త ధరకి అమ్మిన దుకాణాలు చాలా ఉన్నాయి.

జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది, ఇది ఢిల్లీలోనే ఎక్కువ. బ్రౌణ్య నిఘంటువు 1903 కూర్పు దొరికిందని నాకు ఏడాదికి ఒకరైనా ఫోన్ చేస్తారు. కందుకూరి వీరేశలింగం గారి చెయ్యి పడిన కూర్పు అది. తెరిస్తే పేరు పేజీ మీద నిజంగానే 1903 ఉంటుంది. అయితే ఢిల్లీలోని ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ వాళ్లు అలాంటి పాత పుస్తకాలని ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసి మళ్లీ వేశారు. చాలా మంచి పని చేశారు, వాళ్లు వేయకపోతే మనలో సగం మందికి బ్రౌన్ దొరికేవాడు కాదు. ఎవరినీ మోసం చేసిందీ లేదు, వెనక పేజీలో పునర్ముద్రణ అని స్పష్టంగా ఉంటుంది. ఆ పేజీ చిరిగిపోయిన ప్రతులే గొడవ. అలాంటప్పుడు కళ్లు మూసుకుని పేజీ వెనక వేలు రాసి చూస్తాను. సీసం అక్షరం కాగితంలోకి దిగి ఒత్తిన అచ్చైతే వెనక సన్నగా గరుకు తగులుతుంది. ఫొటో తీసి వేసిన ఆఫ్‌సెట్ అయితే నున్నగా జారుతుంది. వెయ్యి రూపాయల పుస్తకానికీ పాతిక వేల పుస్తకానికీ తేడా ఆ గరుకే.

లెక్కల ప్రొఫెసరుగారొకరు పోయాక వాళ్ల కోడలు నన్ను పిలిపించింది. గుంటూరు జిల్లా వాళ్లు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవదు. "మావయ్యగారి పుస్తకాలు మొత్తం తీసేసుకోండి, ఎంతిస్తే అంత" అంది. కింది అరలో పాత దుప్పటిలో చుట్టి రెండు పెద్ద సంపుటాలున్నాయి. రామానుజన్ నోటుబుక్కులని ఆయన చేతిరాత అలాగే ఉంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1957లో వేసినవి. పక్కనే ఢిల్లీ నరోసా వాళ్లు 1988లో వేసిన "లాస్ట్ నోట్‌బుక్". రెండోది కాస్త వెతికితే దొరుకుతుంది. మొదటిది బయటికి రావడమే అరుదు.

"అమ్మా, ఈ రెండూ నాకు మిగతావాటితో కలిపి ఇవ్వకండి. వీటి ధర వేరు" అన్నాను.

"ఎంతుంటుందండీ?"

చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అమ్మను. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు" అంది. మిగతావి కొనుక్కుని వచ్చేశాను.

ఇది మంచితనం అనుకోకండి, వ్యాపారం. ఇంటివాళ్లకి తెలియకపోవడమే లాభం అనుకునే దళారులు మా వృత్తిలో ఉన్నారు. ఢిల్లీలో తెలుగువాళ్ల లోకం చిన్నది. ఆదివారం ఆంధ్రా భవన్ క్యూలో నుంచుంటే ఎవరు ఎవరిని ముంచారో భోజనం టోకెను చేతికొచ్చేలోపు తెలిసిపోతుంది. నేను చెప్పి కొంటాను. నా దగ్గర ఎంతకి పోతుందనుకుంటానో చెప్పి, అందులో సగానికి అటూ ఇటూగా ఇస్తాను. మిగిలిన సగంలో ఆటో, మెట్రో, పురుగుమందు, ఏళ్ల తరబడి అమ్ముడుపోని పుస్తకాల అద్దె అన్నీ ఉన్నాయి. ఆ కోడలే తర్వాత మూడిళ్లకి నా పేరు చెప్పింది.

తాళపత్రాలు, చేతిరాత ప్రతులు కొనను. డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతి 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. ఇంట్లో బయటపడితే హైదరాబాద్‌లోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి రాయమని చెబుతాను.

ఆదివారాలు మాత్రం ఎవరు పిలిచినా ఇళ్లకి వెళ్లను. దరియాగంజ్ బజారు రోజు అది. అరవైల నుంచి నేతాజీ సుభాష్ మార్గ్ ఫుట్‌పాత్ మీద పరుచుకున్న ఆ పుస్తకాలని, హైకోర్టు ఉత్తర్వు తర్వాత 2019లో ఆసఫ్ అలీ రోడ్డులోని మహిళా హాట్ ప్రహరీ లోపలికి మార్చారు. ట్రాఫిక్‌కి అడ్డమన్నది నిజమే. లోపల నీడ ఉంది, తోపులాట లేదు. నాకైతే ఫుట్‌పాతే మేలు. వేరే పని మీద పోతూ ఆగిన మనిషి లేకపోతే పాత పుస్తకాల బజారు సగం చచ్చినట్టే. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం షట్టర్లు మూసిన దుకాణాల ముందు ఇప్పటికీ ఆ మనిషి ఆగుతున్నాడు. మహిళా హాట్‌లో కట్టలు విప్పే వేళకి చేరాలి. చలికాలం మంచులో టార్చి వేసుకుని వీపుల మీద పేర్లు చదువుకుంటాం. తొమ్మిది దాటాక మిగిలేది పోటీ పరీక్షల గైడ్లు.

నేను అక్కడ ఇన్నేళ్లుగా వెతికే పుస్తకం తెలుగుది కాదు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం వేసిన "ప్రిన్సిపుల్ ఆఫ్ రిలేటివిటీ". ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల వ్యాసాలని ఇద్దరు కుర్ర లెక్చరర్లు జర్మన్ నుంచి ఇంగ్లీషు చేశారు. మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్. ముందుమాట మహలనోబిస్‌ది. జియా సరాయ్‌లో ఆ ముగ్గురి పేర్లూ తెలియని పిల్లాడు ఉండడు. ఆ పుస్తకం చూసినవాడూ ఉండడు.

ఇప్పుడు చాలా పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. నీ వ్యాపారం దెబ్బతినలేదా అని అడుగుతారు. చదువుకోవడానికి మాత్రమే కొనేవాళ్లు తగ్గారు, అది వాళ్లకి మంచిదే. అయితే స్కాన్లలో పేజీలు ఎగిరిపోయాయి, అట్టలు లేవు, మడతపెట్టిన పటాలు విప్పకుండానే ఫొటో తీశారు. అవి కావలసినవాళ్లు నా దగ్గరికే వస్తారు. నిజంగా దెబ్బ తగిలింది తపాలాలో. రిజిస్టర్డ్ బుక్ పోస్టులో నామమాత్రపు ఖర్చుతో విజయవాడకి పుస్తకం పంపేవాణ్ణి. 2024 డిసెంబరులో తపాలాశాఖ దాన్ని ఎత్తేసింది. ఆ తర్వాత వంద రూపాయల పుస్తకం పంపడానికి దాదాపు అంత ఖర్చూ అయింది. చౌక పుస్తకాలు అమ్మడమే మానుకోవలసి వచ్చింది.

అన్నట్టు, తెలుగు పుస్తకాలు అమెరికాలోనూ బయటపడుతుంటాయి. 1962లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు ఇక్కడే ఢిల్లీలో ఆఫీసు తెరిచి, పి.ఎల్. 480 గోధుమల బాకీ కింద జమైన రూపాయలతో మన భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకి పంపారు. మనూళ్లో రెండు ప్రతులు కూడా మిగలని నవల చికాగోలోనో మాడిసన్‌లోనో అరలో భద్రంగా ఉండటానికి కారణం అదే. లైబ్రరీలు తీసేసిన పుస్తకాల అమ్మకాలకి వెళ్తే తెలుగు వీపు కోసం చూడమని మా బావకి చెప్పాను.

ఈ వ్యాసం చదివేవాళ్లలో ఇంట్లో పెద్దల పుస్తకాలున్నవాళ్లు ఉంటారు. కబాడీవాణ్ణి పిలిచే ముందు ఒక్క పూట వాటి ముందు కూర్చోండి. ప్రతి పుస్తకాన్నీ వీపు పట్టుకుని దులపండి. ఇన్‌లాండ్ లెటర్లు, ఎల్‌ఐసీ రసీదులు, సీజీహెచ్‌ఎస్ చీటీలు, ఒక్కోసారి నోట్లు రాలతాయి. అవి మీవి, మాలాంటివాళ్లకి వదలకండి. నాన్నగారి పేరున్న మొదటి పేజీని చింపకండి, పేరు కన్నా చిరిగిన పేజీయే విలువని ఎక్కువ తగ్గిస్తుంది. బూజు పట్టిందని ఎండలో పరచకండి, నీడలో గాలి తగలనిస్తే చాలు. సెల్లోటేపు అసలు వద్దు. పేరు పేజీ, దాని వెనక పేజీ, వెల ఉన్నచోటు, ఈ మూడూ ఫోన్‌తో ఫొటో తీసి మీ ఊళ్లో పాత పుస్తకాలు తెలిసిన ఇద్దరికి పంపండి, ఒక్కరికే కాదు. ధర ఇద్దరూ చెప్పాక అమ్మాలో ఉంచాలో మీరే తేల్చుకోండి.